ఎడమ అంచు

ఆ యేడు సెప్టెంబరులో సిటీబస్సులు ఆగిపోయిన మొదటి రోజు మా నాయిన ఎప్పటిలాగే తెల్లవారుజామునే లేచాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ జత తొడుక్కుని, బూట్లు తుడుచుకుని, డ్యూటీకి పోయినట్టే సమ్మెకు బయలుదేరాడు.

"బస్సే లేకపాయె, ఖాకీ ఎందుకయ్యా?" అన్నది మా అమ్మ సాయమ్మ.

"సమ్మె గూడ డ్యూటీనే," అన్నాడు నాయిన.

ఎల్బీనగర్‌లో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై మూడేళ్లు. అన్నేళ్లూ మా నాయిన సుందరయ్య బస్సు నడిపాడు. ఒక్క యాక్సిడెంటు లేదు. చర్చిలో సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా ఆ సంగతే చెప్పేవాడు, దేవుడు తన చేతి మీద చెయ్యి వేసి స్టీరింగు తిప్పాడని. ఆ నెలలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు, ఆఫీసులు, బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ వెంటనే డ్రైవర్లూ కండక్టర్లూ దిగారు.

నేను అప్పుడు యూనివర్సిటీలో సినిమా కళ మీద ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. పేరు ఎలిజబెత్, ఇంట్లో లిజ్జి. మా వాడకట్టులో చాలామంది "హీరోయిన్ అయితవా?" అని అడిగేవాళ్లు. నాయినకు కూడా నా చదువేమిటో పూర్తిగా తెలియదు. అయినా ఎవరైనా నవ్వబోతే ఊరుకునేవాడు కాదు. "మా బిడ్డ సినిమాలు సూడదు, సదువుతది. రెండిటికి ఫరకున్నది," అనేవాడు.

ఆ ఫరక్ ఏమిటో మాకు నేర్పింది సంధ్యారాణి మేడం. ఒకే షాటును ఇరవైసార్లు చూపించేది. కథ అడిగితే కోప్పడేది. "ఫ్రేము మధ్యలో ఉన్నదాన్ని అందరూ చూస్తారు. దానికి మీరు ఎం.ఏ. చదవక్కర్లేదు. అంచులు చూడండి. ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు, ఎవరు రాలేకపోతున్నారు. ఇంకోటి. షాటు నడుస్తున్నప్పుడు మీరు దాంట్లో వేలు పెట్టకండి. ఓపిక పట్టండి. మనుషులు తమంత తామే బయటపడతారు," అనేది.

సమ్మెతో క్లాసులు సగం ఆగిపోయాయి గాని, చివరి యేడు తీయాల్సిన ఇరవై నిమిషాల చిత్రం ఆగదని చెప్పింది. నాకు వెతుక్కునే పని లేకపోయింది. డిపార్ట్‌మెంటు కెమెరా, స్టాండు తీసుకుని నాయిన వెంట దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల శిబిరానికి పోయాను.

రోడ్డు పక్కన టెంటు, కూర్చోవడానికి కింద పరిచిన పట్టాలు, ఒక మైకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాటలు, ఉపన్యాసాలు. ఆడవాళ్లు టెంటు ముందే బతుకమ్మ పేర్చి ఆడారు. నాయిన రోజూ ఒకేచోట, ముందు వరసలో కూర్చునేవాడు. ఆయనకు ఎడమ పక్కన లింగస్వామి కాక. తొమ్మిదేళ్లుగా నాయిన బస్సుకు ఆయనే కండక్టరు. ఇద్దరూ ఒక్క కంచంలో తిన్నట్టు ఉండేవాళ్లు. నేను స్టాండు పాతి, కెమెరా కదపకుండా, గంటలు గంటలు తీశాను.

తీసినదాన్ని చూడటానికి జ్యోతిక దగ్గరికి పోయేదాన్ని. నా క్లాస్‌మేటు. వాళ్లది గుడివాడ. దిల్‌సుఖ్‌నగర్‌లోనే లేడీస్ హాస్టల్లో ఉండేది. సమ్మె రోజుల్లో హాస్టలంతా ఖాళీ అయినా తను ఊరికి పోలేదు, పోవడానికి బస్సు కూడా లేదు. కరెంటు గంటలకు గంటలు పోయేది. లాప్‌టాప్‌లో ఛార్జింగు ఉన్నంతసేపే పని.

ఒక మధ్యాహ్నం నేను సగం నిద్రలో ఉంటే జ్యోతిక నా భుజం తట్టింది.

"లిజ్జీ, ఇది చూడవే. మీ నాన్నగారు ఏంటి, ఆవిణ్ణి పట్టించుకోవట్లేదు?"

ఆ షాటులో లింగస్వామి కాక మాట్లాడటానికి మైకు దగ్గరికి పోయాడు. నాయినకు ఎడమ పక్కన చోటు ఖాళీ. కండక్టరు అరుణమ్మ ఫ్రేములోకి ఎడమ నుంచి వచ్చి టీ గ్లాసు చాపింది. నాయిన ఎదురుగా చూస్తున్నాడు. గ్లాసు ఆయన చెవికి మూరెడు దూరంలో ఉంది. ఆమె అట్లాగే వంగి నిలబడింది. వెనకాల ఎవరో, "సుందరన్న తెలంగాణ ఒచ్చినట్టు కల గంటున్నడు," అన్నారు. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక నాయిన కూడా నవ్వాడు. అంతలో లింగస్వామి కాక మైకు వదిలేసి గబగబా వచ్చి, నాయిన చెయ్యి పట్టుకుని గ్లాసు మీద పెట్టాడు.

"పరధ్యానంగా ఉన్నాడేమో," అన్నాను.

జ్యోతిక దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. మేమిద్దరం ఆ షాటును బ్యాటరీ అయిపోయేదాకా చూశాం. గ్లాసు చేతికి తగిలాకే నాయిన ముఖం మొత్తం ఎడమకు తిప్పాడు. కళ్లు తిప్పలేదు, తల తిప్పాడు.

ఇంట్లో నేను ఏమీ అడగలేదు. చూడటం మొదలుపెట్టాను. అమ్మ కంచానికి ఎడమ పక్కన ఉల్లిగడ్డ పెడితే అది అక్కడే ఉండిపోయేది. వాకిట్లోంచి వచ్చేటప్పుడు ఎడమ భుజం తలుపుకు తగిలేది. ఇవన్నీ ఎన్నాళ్లుగా జరుగుతున్నాయో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉన్నాను, రెండేళ్లుగా చూడటమే చదువుతున్నాను.

దసరాకు నాలుగు రోజుల ముందు ఒక పొద్దున, అమ్మ చంపాపేటలో తను ఆయాగా పనిచేసే నర్సింగ్‌హోంకు పోయింది. నేను ఇంట్లో కొన్ని షాట్లు తీద్దామని కెమెరా చేత్తో పట్టుకుని వంటగది గడపలో నిలబడ్డాను. కరెంటు లేదు. కిటికీ వెలుతురు బాగుంది. నాయిన గదిలోకి వచ్చాడు. గోడకు ఉన్న చర్చి క్యాలెండరు ముందు ఆగాడు. కుడి కంటి మీద అరచెయ్యి మూసి పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి ముఖం ముందు చాపి వేళ్లు ఆడించాడు. చెయ్యి దగ్గరికి తెచ్చాడు, మళ్లీ ఆడించాడు. క్యాలెండరు మీద వేలితో తడుముతూ గళ్లు లెక్కపెట్టబోయి ఆపేశాడు. తర్వాత అట్లాగే, కుడి కన్ను మూసుకునే, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

నేను ఆయనకు ఎడమ పక్కన, నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. కెమెరా నడుస్తోంది. నా ఊపిరి నాకే వినబడుతోంది. నాయినా అని పిలవాలనుకున్నాను. పిలిస్తే షాటు ఆగిపోతుంది. ఆ క్షణంలో ఆ మాటే నా మనసులోకి వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని బయటికి పోయాడు. నన్ను చూడలేదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టిన రోజు లింగస్వామి కాకను పక్కకు పిలిచాను. రోడ్డు మధ్యలో పొయ్యిలు రాజేసి అన్నం వండుతున్నారు. పోలీసు వ్యాన్లు దూరంగా నిలబడి ఉన్నాయి. పొగకు ఇద్దరి కళ్లలోనూ నీళ్లు కారుతున్నాయి.

"కాకా, నాయినకు ఎడమ కన్ను కనపడతలేదు గద?"

ఆయన చుట్టూ చూశాడు. "ఎవరు జెప్పిన్రు?"

"కెమెరాల పడ్డది."

కాక పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు. "షుగరు బిడ్డా. పోయినసారి డిపోల కంటి పరీక్షల పాసయ్యిండు. ఆ తర్వాత రెండు నెలలకే మసకలొచ్చి, మొత్తమే పోయింది. ఎనిమిది నెలలైతున్నది. తల పూర్తిగ తిప్పితే కుడి కంటితోటి ఎడమ అద్దం జూస్తడు. కని ఈ ట్రాఫిక్ల అంత తిప్పే టైము యాడిది? అందుకే నేను ముందటి డోరు ఇడవ. పక్కకు బండి ఒస్తే రేకు మీద ఒక్కటి సరుస్త, ఆగుతడు. రెండు సరుస్త, పోతడు. ఆయనకు ఎడమ కన్ను నేనే."

"నువ్వు లేని రోజు?"

"నేను లీవే వెట్టలే గద." ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంక రెండేండ్ల సర్వీసు. ఇరవై మూడేండ్లు మచ్చ లేని మనిషి. కన్ను లేదని తెలిస్తే దించేస్తరు. దిగినంక ఆ మనిషి బతకడు. సమ్మె నడిచినన్ని దినాలు ఆయన ఎంత నిమ్మలంగ పండుకుంటున్నడో నాకెరుక. నీ సినిమాల అది వెట్టకు బిడ్డా. నీకు దండం వెడత."

ఆ మాటతో నాకు సమ్మె వేరేగా కనబడింది. అందరికన్నా ముందు శిబిరానికి వచ్చేది, అందరికన్నా గట్టిగా నినాదమిచ్చేది, సమ్మె విరమిస్తారట అని ఎవరన్నా అంటే పోట్లాడేది మా నాయిన. తెలంగాణ మీద ఆయన ప్రేమ అబద్ధమని నేను అనను. కాని బస్సు ఆగి ఉన్నంత కాలం ఆయన ఎవరినీ గుద్దడు. అదీ ఉంది.

టీ గ్లాసు షాటు తీసేశాను. క్యాలెండరు షాటును వేరే ఫోల్డరులో దాచాను. ఆయన ఎడమ పక్కకు ఎవరు వచ్చినా అక్కడ కత్తిరించాను.

అక్టోబరు నడుమ బస్సుల సమ్మె ముగిసింది. టెంటు విప్పుతున్నప్పుడు కొందరు ఏడ్చారు. నాయిన పట్టాలు మడిచి కట్టలు కట్టే పని చూసుకున్నాడు. ఐదు రోజులు బస్సు నడిచింది. ఏమీ కాలేదు. ఆరో రోజు సాయంత్రం లింగస్వామి కాక మా గల్లీ మొదట్లో నన్ను ఆపాడు. చేతిలో సంచి ఉంది.

"మా అత్త సచ్చిపోయింది. ఊరికి పోతున్న, మూడొద్దులు రాను. మీ నాయినను సిక్కు లీవు వెట్టుమన్న. ఇంతగనం ఇంట్ల కూసొని మల్ల లీవడిగితే ఏమనుకుంటరని ఇంటలేడు. నువ్వు జెప్పు బిడ్డా. నీ మాట ఇంటడు."

చెప్తానన్నాను. ఆ సాయంత్రం నాయిన ముందు రెండుసార్లు కూర్చున్నాను. చెప్పాలంటే నాకు తెలుసని చెప్పాలి. తెలుసని చెబితే, గోడకు నుదురు ఆనించుకుని నిలబడ్డప్పుడు నేను అక్కడ ఉన్నానని చెప్పాలి. పొద్దున చెబుదామనుకున్నాను. పొద్దున ఆయన బూట్ల తాళ్లు కట్టుకుంటూ కీర్తన పాడుకుంటున్నాడు.

"జర పైలం నాయినా," అన్నాను.

"ఏందే, కొత్తగ జాగర్తలు జెప్తున్నవ్?" అని నవ్వి పోయాడు.

ఆ రోజు మేడం నా చిత్రం చూసింది. లైట్లు వేసి నా వైపు తిరిగింది.

"బాగా తీశావు. కాని ఇరవై నిమిషాల్లో ఈ మనిషికి ఎడమ వైపు నుంచి ఒక్కరు కూడా రారు. ఎందుకు?"

"అక్కడ కొన్ని తీసేశాను మేడం. ఇంట్లో వద్దన్నారు."

"ఆయన వద్దన్నారా? నువ్వు వద్దనుకున్నావా?"

అంతలో ఫోను మోగింది. అమ్మ. ఏడుస్తూ ఏదో అంటోంది. కొత్తపేట పండ్ల మార్కెట్ అన్న మాట ఒక్కటే తెలిసింది.

మట్టయ్య అనే మనిషి తోపుడు బండి మీద సీతాఫలాలు అమ్ముకునేవాడు. రోడ్డు ఎడమ వారగా బండి తోసుకుంటూ పోతున్నాడు. బస్సు స్టాపు కోసం పక్కకు వచ్చింది. ఆ రోజు వచ్చిన కండక్టరు వెనక డోరు దగ్గర టికెట్లు కొడుతున్నాడు. రేకు మీద ఎవరూ చరచలేదు. జనం అరిచేదాకా నాయినకు తెలియలేదు. మట్టయ్య ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. అదే రోజు తీసేశారు.

విచిత్రమేమిటంటే ఎవరూ నాయినను తప్పుపట్టలేదు. చూసినవాళ్లు కూడా, బండివాడే అడ్డం వచ్చాడన్నారు. పోలీసులు సంతకాలు చేయించుకుని ఇంటికి పంపారు. సాయంత్రం యూనియన్‌వాళ్లు వచ్చి కూర్చున్నారు. "ఇరవై మూడేండ్లల మొదటిది సుందరన్నా. నీ తప్పు లేదు," అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని దేవునికి స్తోత్రాలు చెప్పుకుంది. నాయిన మంచం మీద ఖాకీ బట్టలతోనే, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చున్నాడు.

వాళ్లు పోయాక నేను లాప్‌టాప్ తెచ్చి ఆయనకు కుడి పక్కగా స్టూలు మీద పెట్టాను. క్యాలెండరు షాటు వేశాను.

ఆయన చూశాడు. తన చెయ్యి, తన వేళ్లు, తన నుదురు. ఒక్కసారి కూడా తల పక్కకు తిప్పుకోలేదు. అయిపోయాక అడిగాడు.

"ఇదెప్పటిది?"

"దసరా ముంగటిది."

"ఎంతసేపు తీసినవ్?"

"నాలుగు నిమిషాలు."

"నాలుగు నిమిషాలు నా పక్కన్నే ఉన్నవా?"

"ఉన్న."

ఆయన లాప్‌టాప్ మూత నెమ్మదిగా దించాడు. పాడవకుండా, రెండు చేతులతో దించాడు.

"పిలువకపోతివి బిడ్డా," అన్నాడు.

అంతే. కోపం లేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. తెల్లారి గడ్డం గీసుకుని, మామూలు బట్టలు వేసుకుని, నడుచుకుంటూ పోయాడు. ముందు డిపోకు, తర్వాత పోలీసు స్టేషనుకు. తనకు ఎడమ కన్ను లేదని, ఎనిమిది నెలలుగా దాచానని, రెండుచోట్లా తానే చెప్పాడు. లింగస్వామి పేరు మాత్రం చెప్పలేదు. ఉద్యోగం పోయింది. కేసు నడిచింది. వాడకట్టులో కొందరు ఆయన్ని పిచ్చివాడన్నారు, చేతికొచ్చిన బతుకును కాలదన్నుకున్నాడని. అమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు అన్నం పెడుతూ, "నాకన్న జెప్పకపోతివి. నేను ఆయన బూట్లు దాసిపెడుదును," అన్నది.

ఆ చిత్రాన్ని నేను మార్కులకు ఇవ్వలేదు. ఒక యేడు పోయింది. మరుసటి యేడు వేరే ఏదో తీసి పాసయ్యాను. మేడం కారణం అడగలేదు.

మట్టయ్య కాలు తీసేసిన పదో రోజు నేను దవాఖానకు పోయాను. రెండో అంతస్తు వరండాలో బెంచీ మీద ఆయన భార్య రాములమ్మ కూర్చుని ఉంది. లోపల వార్డులో ఆయన మంచం కనబడుతోంది. దుప్పటి ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు చదునుగా ఉంది.

"ఎవరమ్మా నువ్వు?"

"డ్రైవర్ సుందరయ్య బిడ్డను."

ఆమె కొంగు సర్దుకుంది. "మీ నాయిన ఒచ్చిపోయిండు. నా కాళ్ల మీద వడ్డడు. పెద్ద మనిషి, నాకు మంచిగ అనిపియ్యలే. కన్ను లేదంట గద?"

"లేదు."

"ఆయనంటే దాసిండు. మీ ఇంట్ల ఎవ్వరికీ తెల్వదా మరి?"

తెలియదని చెప్పడం సులువు. అమ్మ వరకు అది నిజం కూడా.

"నాకు తెలుసు," అన్నాను.

"ఎప్పటి సంది?"

"దసరా ముంగటి సంది."

ఆమె ముఖంలో కోపం కోసం చూశాను. వస్తే బాగుండుననుకున్నాను. రాలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"తెలిసి ఏం జేసినవ్?"

వరండాలో ఎవరో చక్రాల కుర్చీని నెట్టుకుంటూ పోయారు. ఎంత వెతికినా నా దగ్గర ఒక్క మాటే ఉంది.

"సూసిన," అన్నాను.

లోపల్నుంచి మట్టయ్య మూలిగాడు. ఆమె లేవబోయి, బెంచీ కింద నుంచి ఖాళీ సీసా తీసి నా చేతికిచ్చింది.

"నల్లా కిందున్నది. నీళ్లు వట్టుకరా పో. ఆయనకు దూప అయితున్నది."

నేను మెట్లు దిగాను. నల్లా దగ్గర వరస పెద్దగా ఉంది. వెనక నిలబడకుండా ముందుకు పోయి, మా మనిషికి దాహంగా ఉంది, జర జరగండి అని అందరినీ బతిమాలాను.